ఒకే కంకి, అయిదు కుటుంబాలు

వేములవాడ చుట్టుపక్కల, మూలవాగు పారే పల్లెల్లో, యాసంగి జొన్న కంకి పాలు పోసుకుని గట్టిపడే రోజుల్లో చేను మీద వాలే చిన్న పక్షులను గట్టు మీది నుంచి చూసేవారికి అవన్నీ ఒకే మందగా కనిపిస్తాయి. అరచేతిలో ఇమిడే ఒళ్లు, పొట్టిగా దిట్టంగా శంకువు ఆకారంలో ఉన్న ముక్కు, గింజ పొట్టు ఊడదీసి పప్పు మాత్రమే మింగే నేర్పు, నలుగురూ అదిలిస్తే ఒక్కసారిగా లేచి పక్క చేనులో దిగే అలవాటు, ఇవన్నీ వాటికి ఉమ్మడి లక్షణాలే. పక్షిశాస్త్రం లెక్కలో మాత్రం అవి అయిదు వేర్వేరు కుటుంబాలకు చెందినవి: పిచ్చుకలది ఒకటి, గిజిగాళ్లది ఒకటి, జినువాయిలుగా తెలుగు పక్షి పుస్తకాలకు ఎక్కిన మునియాలది మరొకటి, చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే పసుపు రొమ్ము బంటింగులది ఇంకొకటి, చివరిది ఫించ్‌లది. యూరప్ చిత్రకారులు తరచుగా బొమ్మ గీసిన, పంజరాల్లో తరతరాలుగా పెంచిన గోల్డ్‌ఫించ్‌కు ఈ అయిదింటిలో అసలైన రక్తసంబంధి చివరి కుటుంబపు పక్షి ఒక్కటే. అదే ఈ ప్రాంతంలో అన్నిటికన్నా తక్కువగా గుర్తింపు పొందిన పక్షి కావడం విశేషం.

గింజలు తినే పక్షులను ఒకే గూటికి చేర్చే అలవాటు సామాన్యులది మాత్రమే కాదు. జీవులకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని జంతువులకు స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1758లో వెలువరించిన తన గ్రంథం పదో ముద్రణలో ఊరపిచ్చుకనూ, యూరప్ గోల్డ్‌ఫించ్‌నూ, కెనరీనీ, భారతదేశపు ఎర్ర మునియానూ ‘ఫ్రింజిల్లా’ అనే ఒకే ప్రజాతిలో ఉంచాడు. ప్రజాతి అంటే దగ్గరి పోలికలున్న జాతుల సముదాయం. శాస్త్రీయ నామంలో మొదటి మాట దానిదే. ముక్కు మరికొంచెం లావుగా తోచిన పక్షులను అతడు ‘లోక్సియా’ అనే మరో ప్రజాతిలోకి నెట్టాడు. రొమ్ము మీద పొలుసుల వంటి మచ్చలున్న చుక్కల మునియా, తెల్లగొంతు మునియా ఆ విధంగా లోక్సియాలు అయ్యాయి. 1766 ముద్రణలో గిజిగాడు కూడా అందులోనే చేరాడు. ముక్కు లావును కొలబద్దగా పట్టుకున్న ఈ విభజనలో ఒకే కుటుంబానికి చెందిన ఎర్ర మునియా, చుక్కల మునియా రెండు ప్రజాతులకు చీలిపోగా, ఏ దగ్గరి సంబంధమూ లేని పిచ్చుక, గోల్డ్‌ఫించ్ ఒకే ప్రజాతిలో కలిసిపోయాయి. చేతిలో ఉన్నవి ఎండబెట్టిన చర్మాలు, నావికులు తెచ్చిన వర్ణనలు, ఇతరులు వేసిన బొమ్మలు మాత్రమే అయిన కాలంలో అంతకన్నా మంచి కొలబద్ద దొరకడం కష్టమే.

1760లో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్రిసన్ గోల్డ్‌ఫించ్‌కు ‘కార్డ్యుయెలిస్’ అనీ, పిచ్చుకకు ‘పాసర్’ అనీ వేరు ప్రజాతులు ఏర్పరచాడు గాని కుటుంబాల స్థాయిలో గందరగోళం మరో రెండు శతాబ్దాలు సాగింది. ఊరపిచ్చుక చరిత్రే దానికి మంచి ఉదాహరణ. బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో 1890లో వచ్చిన పక్షుల రెండో సంపుటంలో పక్షిశాస్త్రవేత్త ఓట్స్ పిచ్చుకలనూ, ఫించ్‌లనూ, బంటింగులనూ కలిపి ఫించ్‌ల కుటుంబంగానూ, గిజిగాళ్లనూ మునియాలనూ కలిపి మరో కుటుంబంగానూ చూపాడు. 1927లో రష్యన్ శాస్త్రవేత్త సుష్కిన్ అంగిలి ఎముకలను పరిశీలించి, పిచ్చుకలు ఫించ్‌లకన్నా గిజిగాళ్లకే దగ్గరని వాదించడంతో అవి ఆ కుటుంబంలోకి మారాయి. పక్షిశాస్త్రవేత్తలు సలీం అలీ, డిల్లన్ రిప్లీ కలిసి రాసిన బృహద్గ్రంథంలోనూ అవి అక్కడే ఉన్నాయి. తర్వాతి పరిశోధనలు ఆ చుట్టరికాన్నీ కొట్టివేసి పిచ్చుకలకు సొంత కుటుంబాన్ని ఏర్పాటు చేశాయి. మనుషుల ఇంటి చూరులోంచి కదలని పక్షి పుస్తకాల్లో ఇన్ని ఇళ్లు మారింది.

ఈ పొరపాట్లకు మూలం ముక్కే. ఫించ్ ముక్కు లోపలి నిర్మాణాన్ని దగ్గరగా చూస్తే అది ఎంత నమ్మించే సాక్ష్యమో తెలుస్తుంది. పై ముక్కు లోపలి వైపున, అంగిలికి ఇరుపక్కలా, పొడవునా సన్నని గాడి ఉంటుంది. పక్షి గింజను నాలుకతో ఆ గాడిలోకి నెట్టి, పదునైన అంచుగల కింది ముక్కును పైకి నొక్కి ముందుకూ వెనక్కూ కదిలిస్తే పొట్టు ఒక చోట తెగుతుంది. నాలుక గింజను అక్కడే తిప్పుతూ ఉండగా పొట్టు చుట్టూ ఊడి ముక్కు పక్కల నుంచి రాలుతుంది, పప్పు గొంతులోకి జారుతుంది. కాలి సాయం లేకుండా, రెండు మూడు క్షణాల్లో ముగిసే ఈ పనికి ముక్కుతో పాటు దవడ కండరాలు, పుర్రె ఎముకల దిట్టతనం, గింజలు నిల్వ చేసుకునే గొంతు సంచి, వాటిని అరిగించే కండరాల కడుపు అన్నీ అనుగుణంగా మారాలి. అటువంటి పూర్తి అమరిక వేర్వేరు వంశాల్లో విడివిడిగా ఏర్పడి ఉంటుందని ఊహించడం సులభం కాదు. ఏర్పడిందన్నదే నిజం. ఒకే వృత్తిలో ఉన్నవారంతా ఒకే ఇంటిపేరు వారు కానట్టు, ఒకే తిండికి అలవాటు పడిన జీవులు ఒకే పూర్వీకుల సంతానం కానక్కర్లేదు. వేర్వేరు మూలాల నుంచి వచ్చిన జీవులు ఒకే రకమైన బతుకుతెరువు వల్ల ఒకే రూపానికి చేరుకోవడాన్ని అభిసరణ పరిణామం అంటారు. గడ్డి మైదానాలు భూమి మీద విస్తరించి గింజ రూపంలో ఆహారం కుప్పలు తెప్పలుగా దొరికిన కాలంలో చిన్న పక్షుల వంశాలు పలుమార్లు ఆ దారి పట్టాయి.

వంశాన్ని పట్టిచ్చే గుర్తులు ముక్కులో కాక, పక్షి బతుకుతెరువుతో అంతగా సంబంధం లేని చోట్ల వెతకాలి. రెక్క చివరన, హస్తపు ఎముకల నుంచి మొలిచే పెద్ద ఈకలను ప్రాథమిక ఈకలంటారు. చిన్న పాట పక్షుల్లో ఎక్కువ వాటికి అవి పది. ఫించ్ రెక్క విప్పి లెక్కపెడితే తొమ్మిదే కనిపిస్తాయి. పదోది పూర్తిగా కుంచించుకుపోయి ఇతర ఈకల కింద దాగి ఉంటుంది. బంటింగులదీ అదే లెక్క. మునియాకూ గిజిగాడికీ పదో ఈక చిన్నదే అయినా విడిగా కనిపిస్తుంది. గూళ్లూ అటువంటి సాక్ష్యమే ఇస్తాయి. మునియాలు ముళ్లకంపల్లో గడ్డిపరకలతో పక్కనుంచి దారి ఉన్న గుండ్రని గూడు అల్లి మచ్చలేని తెల్లని గుడ్లు పెడతాయి. తుమ్మ చెట్ల కొమ్మలకూ ఈత మట్టలకూ, ఎక్కువగా నీళ్ల మీదికి, గిజిగాడు వేలాడదీసే గూడు సంగతి తెలుగువారికి చెప్పనక్కర్లేదు. ఫించ్‌లు మాత్రం పైకి తెరిచి ఉన్న గిన్నె వంటి గూడు కట్టి చుక్కల గుడ్లు పెడతాయి. మునియా పిల్ల నోరు తెరిస్తే అంగిలి మీద నల్లని మచ్చలో గీతలో కనిపిస్తాయి, ఫించ్ పిల్ల నోట అవి ఉండవు. గోల్డ్‌ఫించ్ ఉపకుటుంబానికి ఇంకొక లక్షణం ఉంది: ఇతర చిన్న పక్షులు పిల్లలకు పురుగులు తెచ్చి పెడుతుండగా ఇవి గొంతు సంచిలో నానిన గింజలనే కక్కి పెడతాయి, పిల్లలు కొంత ఎదిగాక గూటి అంచు మీది రెట్టలను తీసివేయడం కూడా మానేస్తాయి. ఖాళీ అయిన గూడు అంచు చూసి అది ఎవరిదో చెప్పడం అందుకే సాధ్యం.

తుది తీర్పు డీఎన్‌ఏ నుంచి వచ్చింది. తరం నుంచి తరానికి డీఎన్‌ఏలో చిన్న చిన్న మార్పులు పేరుకుంటూ పోతాయి కాబట్టి, రెండు జాతుల మధ్య తేడాల సంఖ్యను బట్టి, ఏయే మార్పులు ఏయే జాతులకు ఉమ్మడిగా ఉన్నాయన్న దాన్ని బట్టి వాటి వంశవృక్షం గీయవచ్చు. సిబ్లీ, ఆల్క్విస్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు రెండు జాతుల డీఎన్‌ఏ పోగులను జతచేసి అవి ఏ వేడికి విడిపోతాయో కొలిచి 1990లో పక్షులన్నిటికీ ఒక వృక్షాన్ని ప్రకటించారు. ఆ తర్వాత జన్యువులను అక్షరం అక్షరంగా చదివే పద్ధతులు దాన్ని చాలా చోట్ల సరిదిద్దాయి. ఆ వృక్షంలో పిచ్చుకలు, గిజిగాళ్లు, మునియాలు, ఫించ్‌లు, బంటింగులు ఒకే పెద్ద కొమ్మ మీదివే. వాటిలో గిజిగాళ్లూ మునియాలూ పరస్పరం దగ్గరివి. ఫించ్‌లకు దగ్గరివాటిలో మాత్రం గింజ ముక్కు ఏ మాత్రం లేని పక్షులూ ఉన్నాయి: చలికాలంలో మిడ్ మానేరు అంచుల్లో, చెరువు గట్ల మీద తోకను కిందికీ మీదికీ ఊపుతూ పురుగులు ఏరుకునే సన్నని ముక్కు వాగ్‌టెయిల్ పిట్టలు. జొన్న కంకి మీద పక్కపక్కన కూర్చున్న మునియా కన్నా నీటి అంచున తోకాడించే ఆ పిట్టే ఫించ్‌కు దగ్గరి బంధువు అన్నది కళ్లకు నచ్చకపోయినా, తొమ్మిది ఈకల రెక్క ముందునుంచీ చెబుతున్న మాట అదే.

ఇక ఆ ఒక్క అసలు ఫించ్ సంగతి. సాధారణ రోజ్‌ఫించ్ అని పిలిచే ఈ పక్షి తూర్పు యూరప్ నుంచి సైబీరియా, మధ్య ఆసియా మీదుగా హిమాలయాల వరకు వేసవిలో గూళ్లు కట్టి, చలికాలానికి భారత ద్వీపకల్పంలోకి దిగుతుంది. దక్కన్ పీఠభూమి మీద క్రమం తప్పకుండా కనిపించే నిజమైన ఫించ్ ఇదొక్కటే. ఇంగ్లిషు పేరులో గులాబీ ఉన్నా, ఇక్కడికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఆడవీ, రంగు పట్టని కుర్ర మగవీ కావడంతో కంటబడేది మట్టి రంగు ఒళ్లు, రొమ్ము మీద పలచని నిలువు చారలు, రెక్క మీద రెండు సన్నని లేత పట్టీలు ఉన్న ఒక సాదా పక్షి. దాన్ని ఆడ పిచ్చుక నుంచి వేరు చేసేవి ప్రధానంగా రెండు గుర్తులు. మొదటిది ముఖం: పిచ్చుకకు కంటి వెనక లేత చార ఉంటుంది, దీని ముఖం మీద ఏ గీతా లేకపోవడంతో నల్లపూస వంటి కన్ను కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండోది ముక్కు: పై అంచు తిన్నగా కాక ఉబ్బెత్తుగా వంగి ఉంటుంది. ముదిరిన మగపక్షికి తల, గొంతు, రొమ్ము, నడుము కుంకుమ రంగు. అది రెండో ఏడు దాటాక గాని రాదు.

మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి, 1862-64 మధ్య భారతదేశపు పక్షుల మీద మూడు సంపుటాల గ్రంథం ప్రచురించిన జెర్డాన్ ఈ పక్షికి ‘వెదురు పిచిక’, ‘వెదురు జినువాయి’ అన్న తెలుగు పేర్లను నమోదు చేశాడు. దక్షిణాదిలో తాను దీన్ని ముఖ్యంగా వెదురు పొదల్లో, వెదురు గింజలు తింటుండగా చూశాననీ ఆయన రాశాడు. పిట్టలు పట్టేవారూ అడవి అంచు పల్లెలవారూ పెట్టిన ఆ పేరులో మంచి పరిశీలన ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ అడవుల్లో విరివిగా పెరిగే వెదురు కొన్ని దశాబ్దాలకు ఒకసారి మాత్రమే గుంపుగా పూసి, గింజ పట్టి, ఎండిపోతుంది. ఆ ఏడాది నేల మీద రాలే గింజను మనుషులు వెదురు బియ్యంగా ఏరుకుంటారు, ఎలుకలూ అడవి కోళ్లూ పక్షులూ మిగిలినది పంచుకుంటాయి. మేదరులకు బుట్టలూ చాటలూ ఇచ్చిన, కాగజ్‌నగర్ మిల్లులో కాగితమైన ఆ వెదురే రోజ్‌ఫించ్‌కు అప్పుడప్పుడూ దక్కే విందు. మామూలు ఏళ్లలో అది గడ్డి గింజలు, చిన్న పండ్లు, పూమొగ్గలు, పూల తేనె, చేలల్లోని జొన్న వంటివాటితో సరిపెట్టుకుంటుంది. పిల్లల పెంపకం హిమాలయాల్లోనో అంతకు ఉత్తరానో జరిగేదే కాబట్టి ఇక్కడ దాని గూడు కోసం వెతకడం వృథా.

జెర్డాన్ తర్వాతి కాలంలో, నిజాం ప్రభుత్వ సహకారంతో 1931-32లో సలీం అలీ హైదరాబాద్ రాజ్యంలోని పక్షుల సర్వే చేపట్టాడు. అప్పటి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఆ రాజ్యంలోవే. ఆయన సేకరించిన నమూనాల మీద పక్షిశాస్త్రవేత్త హ్యూ విస్లర్ వ్యాఖ్యలు రాయగా ఆ నివేదికలు బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరుసగా వెలువడ్డాయి. సలీం అలీని బాల్యంలో పక్షుల వైపు మళ్లించినదిగా ప్రసిద్ధి పొందిన పసుపు గొంతు పిచ్చుక కూడా ఈ అడవుల పక్షే. అది కూడా ఫించ్ కాదు, పిచ్చుకల కుటుంబానిదే.

గోల్డ్‌ఫించ్ సొంత ఇంట్లో జరిగిన పంపకాలు ఇంతకన్నా రసవత్తరమైనవి. నల్లని రెక్క మీద బంగారు పట్టీ, ముఖం మీద ఎర్రని మచ్చ ఉన్న యూరప్ గోల్డ్‌ఫించ్ ముళ్ల తిస్టిల్ మొక్కల గింజలను ఇష్టంగా తింటుంది. మన కుసుమ పంట ఆ మొక్కల తెగదే. కాశ్మీరు నుంచి నేపాల్ దాకా హిమాలయాల్లో ఉండే రూపానికి తల మీద నల్లరంగు ఉండదు, నడినెత్తి బూడిద రంగు. రెండు రూపాలూ ఎదురుపడే మధ్య ఆసియా ప్రాంతాల్లో జతకట్టి మధ్యరకం పిల్లలను కంటాయి, అందువల్ల వీటిని ఒకే జాతిగా చూసేవారూ ఉన్నారు, రెండుగా విడదీసిన జాబితాలూ ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం చివరి వరకు కార్డ్యుయెలిస్ ప్రజాతిలో గోల్డ్‌ఫించ్‌తో పాటు గ్రీన్‌ఫించ్‌లు, సిస్కిన్‌లు, లిన్నెట్‌లు, రెడ్‌పోల్‌లు కలిసి ముప్ఫై దాకా జాతులు ఉండేవి.

స్పెయిన్‌లో ఆర్నైస్-విలేనా బృందం కణాల్లోని మైటోకాండ్రియా అనే చిన్న భాగాల్లో ఉండే ఒక జన్యువును చదివి ఈ పక్షులు మయోసీన్, ప్లయోసీన్ యుగాల్లో, అంటే ఒకటిన్నర కోటి సంవత్సరాల లోపు కాలంలో, వేగంగా చీలి రెండు అర్ధగోళాలకూ విస్తరించాయని 1998లో ప్రతిపాదించింది. మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది కాబట్టి అది చెప్పేది సగం కథే. 2012లో జుకోన్, ప్రిస్-జోన్స్, రాస్ముసెన్, ఎరిక్సన్ మైటోకాండ్రియా జన్యువులతో పాటు కేంద్రకంలోని జన్యువులనూ చదివి మొత్తం కుటుంబానికి వృక్షం గీశారు. వీరిలో పమేలా రాస్ముసెన్ దక్షిణాసియా పక్షుల మీద ప్రామాణిక గ్రంథానికి కర్త. ఆ వృక్షం ముందు పాత కార్డ్యుయెలిస్ నిలవలేదు. గ్రీన్‌ఫించ్‌లు ఒక ప్రజాతిగా, సిస్కిన్‌లు ‘స్పైనస్’గా, లిన్నెట్‌లు మరొకటిగా, రెడ్‌పోల్‌లు ఇంకొకటిగా విడిపోయాయి. కార్డ్యుయెలిస్‌లో చివరికి మిగిలినవి గోల్డ్‌ఫించ్, దానికి అత్యంత దగ్గరివైన రెండు పసుపుపచ్చ యూరప్ పక్షులు మాత్రమే. ఎర్ర ముఖమూ బంగారు పట్టీ లేని ఆ సాదా పక్షులు గోల్డ్‌ఫించ్‌కు తోబుట్టువులని రూపం చూసి ఊహించడం కష్టం.

ఈ పంపకంలో అమెరికా గోల్డ్‌ఫించ్ మరో ఇంటికి పోయింది. వేసవిలో మగపక్షి నిమ్మపండు రంగు ఒళ్లు, నల్లని టోపీతో మెరిసే ఈ పక్షి న్యూజెర్సీ రాష్ట్ర పక్షి. 1935 నుంచీ దానికి ఆ హోదా ఉంది. ఎడిసన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారు పెరట్లో రోజూ చూసేది ఇదే. పేరులో గోల్డ్‌ఫించ్ అయినా వంశంలో ఇది సిస్కిన్, అంటే స్పైనస్. తిస్టిల్ పూలు విత్తనం పట్టేదాకా ఆగి, ఇతర పక్షుల పిల్లలు ఎగిరిపోయే వేళకు గూడు కడుతుంది. పరాయి గూళ్లలో గుడ్లు పెట్టే కౌబర్డ్ దీని గూట్లోనూ పెడుతుంది గాని, ఉత్త గింజల తిండి మీద కౌబర్డ్ పిల్ల బతికి బట్టకట్టలేదు. అమెరికా పెరళ్లలో ఈ పక్షుల కోసం వేలాడదీసే సన్నని నల్లగింజలు వెర్రి నువ్వులే, ఆదిలాబాద్ కొండ చేలలోనూ, విశాఖ మన్యంలో వలిసెలన్న పేరుతోనూ పండే పంటే. కలుపు విత్తనాలు మొలకెత్తకుండా వేడిచేసిన ఆ గింజలు అమెరికాకు చేరేది ముఖ్యంగా ఇథియోపియా, భారత్ వంటి దేశాల నుంచి. గోల్డ్‌ఫించ్‌ల వంశవృక్షానికి దీనితో సంబంధం లేదు, కాని ఆ వృక్షంలోని ఒక కొమ్మ ఆహారం ఇక్కడి చెలకల నుంచి కూడా పోతున్నదన్న సంగతి వదిలిపెట్టదగింది కాదు.

సిస్కిన్‌ల కథలో ఆశ్చర్యం దక్షిణ అమెరికాలో ఉంది. అక్కడి ఆండీస్ పర్వతాల్లో నల్లతల, పచ్చటి ఒళ్లుతో ఒకదాన్నొకటి పోలిన సిస్కిన్ జాతులు చాలా ఉన్నాయి. వాటి చీలిక గత పది లక్షల సంవత్సరాల లోపే జరిగిందని తేలింది. రూపాల తేడా స్థిరపడినా డీఎన్‌ఏలో తేడా ఇంకా పలచగానే ఉంది. ఉత్తర ధ్రువం దిక్కున ఉండే రెడ్‌పోల్‌లది మరింత చిక్కు కథ. తెల్లగా మంచు పట్టినట్టుండేవి ఒక జాతి, గోధుమ రంగువి ఇంకొకటి అని ఏళ్ల తరబడి లెక్కవేశారు. ఒకే క్రోమోజోములో తలకిందులైన ఒక పెద్ద ముక్క రంగునూ ముక్కు ఆకారాన్నీ కలిపి నిర్ణయిస్తున్నదని 2021లో బయటపడింది; 2024లో అమెరికా పక్షి శాస్త్రజ్ఞుల సంఘం ఆ జాతులను ఒక్కటిగా కలిపేసింది. ఈ రెడ్‌పోల్‌లకు అత్యంత దగ్గరి బంధువులు కత్తెరలా ముక్కు కొనలు దాటుకుపోయే క్రాస్‌బిల్‌లు. లిన్నేయస్ లావు ముక్కుల పక్షులన్నిటికీ ఇచ్చిన లోక్సియా అన్న పేరు నేడు క్రాస్‌బిల్‌లకు మాత్రమే మిగిలింది.

ముక్కు తర్వాత ఎక్కువగా దారి తప్పించినది రంగు, అందులోనూ ఎరుపు. ఉత్తర అమెరికాలో ఇళ్ల దగ్గర తిరిగే హౌస్ ఫించ్‌నూ దాని ఇద్దరు బంధువులనూ ఎర్రని తల, చారల ఒళ్లు చూసి ఆసియా రోజ్‌ఫించ్‌ల ప్రజాతిలోనే దీర్ఘకాలం ఉంచారు. డీఎన్‌ఏ చదివాక అవి వేరే కొమ్మవని తేలి వాటికి వేరే ప్రజాతి ఏర్పడింది. ఎరుపు అంత సులభంగా పలుచోట్ల పుట్టడానికి కారణం దాని తయారీలో ఉంది. ఈకలకు పసుపు, ఎరుపు రంగులిచ్చే కెరోటినాయిడ్‌లను పక్షి తనంతట తయారు చేసుకోలేదు. తిండి నుంచి పొందాలి. గింజల్లో, మొగ్గల్లో ఉండే పసుపు కెరోటినాయిడ్‌ను ఒక ఎంజైము ఎరుపుగా మారుస్తుంది. మగ రోజ్‌ఫించ్‌ను పంజరంలో పెట్టి ఉత్త గింజలు వేస్తే, ఈకలు రాల్చి మళ్లీ మొలిచినప్పుడు కుంకుమ రంగు పోయి పసుపు రావడం పిట్టల పెంపకందారులకు ఏనాడో తెలుసు.

ఆ ఎంజైము జాడ దొరికిన తీరు విచిత్రమైనది. జర్మనీలోని బ్రెమెన్‌లో ఉపాధ్యాయుడైన హాన్స్ డంకర్ 1920లలో వెనిజులా ఎర్ర సిస్కిన్‌నూ పసుపు కెనరీనీ జతకట్టించి ఎర్ర కెనరీని సాధించాలని పూనుకున్నాడు. ఎరుపు జన్యువు పిల్లలకు వచ్చింది గాని, తిండిలో తగినంత కెరోటినాయిడ్ లేకపోవడంతో ఆయనకు దక్కినది నారింజ రంగే. దాదాపు శతాబ్దం తర్వాత, 2016లో, ఆ సంకరంలో సిస్కిన్ నుంచి కెనరీలోకి దాటిన డీఎన్‌ఏ ముక్కను వెతికి పట్టుకుంటే ఆ ఎంజైము జన్యువు బయటపడింది. అదే ఏడు మరో బృందం జీబ్రా ఫించ్ ఎర్ర ముక్కులో కూడా అదే జన్యువును గుర్తించింది. జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియా పక్షి, మునియాల కుటుంబానిది. హైదరాబాద్ పక్షుల దుకాణాల్లో ‘ఫించ్‌లు’ అని జతలుగా అమ్మేవి ఈ జీబ్రా ఫించ్‌లూ, జపాన్‌లో తెల్లనడుము మునియా నుంచి పెంపుడు జాతిగా తయారైన బెంగాలీ ఫించ్‌లూ. ఫించ్ అన్న పేరు లేని కెనరీ మాత్రం పక్క పంజరంలో కూర్చున్న అసలు ఫించ్.

చార్లెస్ డార్విన్ 1835లో చూసిన గాలపగోస్ దీవుల ఫించ్‌లు కూడా ఫించ్‌లు కావు, దక్షిణ అమెరికా టానేజర్‌ల కుటుంబానివి. ఒక పూర్వీకుడి సంతానంలో ముక్కు ఎన్ని రకాలుగా మారుతుందో చూపడానికి పాఠ్యపుస్తకాలు వాటినే ఉదహరిస్తాయి. ఫించ్ కుటుంబంలోనే అంతకన్నా గొప్ప ఉదాహరణ ఉంది, దానికి వేములవాడ చేలకు దిగే రోజ్‌ఫించ్ సమీప బంధువు. అన్ని ఖండాలకూ 3,000 కిలోమీటర్లకు పైగా దూరంలో పసిఫిక్ మధ్యన ఉన్న హవాయి దీవులకు 50 లక్షలకు పైగా సంవత్సరాల పూర్వం ఆసియా రోజ్‌ఫించ్‌ల వైపు నుంచి ఒక చిన్న గుంపు చేరింది. 2011లో హెదర్ లెర్నర్ బృందం జన్యువుల ఆధారంగా దీన్ని ధ్రువపరచింది. ఆ గుంపు సంతానం 50కి పైగా జాతులుగా చీలింది: కొన్నిటికి చిలుక ముక్కు, కొన్నిటికి బెరడు పొడిచే ముక్కు, కొన్నిటికి కొడవలిలా వంగి పూల తేనె పీల్చే సన్నని ముక్కు. ముక్కును నమ్మి వర్గీకరించిన పాత పండితులు వీటిలో కొన్నిటిని ఫించ్‌లనీ, కొన్నిటిని తేనెపిట్టలనీ విడివిడిగా రాశారు. మనుషులతో వచ్చిన దోమలు మోసిన పక్షి మలేరియా, అడవుల నరికివేత కలిసి వీటిలో సగానికి పైగా జాతులను తుడిచిపెట్టాయి. మిగిలినవి దోమ ఎక్కలేని చల్లని కొండ అడవుల్లో ఉన్నాయి, వాతావరణం వేడెక్కే కొద్దీ దోమ పైకి ఎక్కుతున్నది.

సాధారణ రోజ్‌ఫించ్ కుదురు కూడా ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. 1770లో ప్రకృతి శాస్త్రవేత్త పల్లాస్ దీన్ని లోక్సియా అని వర్ణించాడు, తర్వాత అది ‘కార్పొడాకస్’ ప్రజాతిలో చేరింది, 2013లో వచ్చిన రోజ్‌ఫించ్‌ల వంశవృక్షంలో అది తక్కిన ఆసియా రోజ్‌ఫించ్‌ల మధ్య ఒక విడి శాఖగా తేలింది. దానికి వేరు ప్రజాతి కావాలనేవారు అప్పుడప్పుడు ముందుకు వస్తున్నారు. జాతిలోపల అయిదు ఉపజాతులను గుర్తిస్తారు. భారతదేశంలో శీతాకాలం గడిపేవాటిలో హిమాలయాల్లో, టిబెట్ వైపున గూడు కట్టే ముదురు ఎరుపు ఉపజాతి ఒకటి, మరింత ఉత్తరాన, పడమటన పుట్టే లేత రంగువి కొన్ని. రంగు పట్టని పక్షులే ఎక్కువగా దిగే దక్కన్‌లో కంటితో చూసి వీటిని వేరు చేయడం సాధ్యం కాదు. ఈక మొలిచిన చోటి నీటి గుర్తు ఆ ఈకలోని హైడ్రోజన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న హైడ్రోజన్ పరమాణువుల) నిష్పత్తిలో నిలిచి ఉంటుంది కాబట్టి, వలలో పట్టి ఉంగరం వేసి వదిలే పక్షి నుంచి తీసిన, గూటిలోనే మొలిచిన ఒక్క ఈక ఆ పక్షి ఏ అక్షాంశపు వాన తాగి పెరిగిందో దాదాపుగా చెప్పగలదు. జొన్న కంకి మీది మట్టి రంగు పక్షి కులూ లోయ గులాబీ పొదలో పుట్టినదా, వోల్గా ఒడ్డు విల్లో చెట్ల మధ్య పుట్టినదా అన్నది ఆ విధంగా తేల్చవలసిన విషయం.